పాత తాళంలో టైలరమ్మ గొంతు

"నా సగం గుర్తొచ్చిందమ్మాయ్, రాసుకో" అని రికార్డింగు బాబాయి ఫోన్లో అనేసరికి గోడ గడియారం మూడూ అయిదు చూపిస్తోంది. ఆమెకి ఉన్నపళంగా లేచి గంతెయ్యాలనిపించింది కానీ గది ఇరుకుది, గంతేస్తే తల తగిలేది సర్వర్ ర్యాకుకే. అందుకని కూర్చున్న కుర్చీనే ఓ చుట్టు తిప్పుకుని సరిపెట్టుకుంది. పొద్దుటి నుంచీ ఆ నంబరుకి ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. బాబాయి రైల్లో ఉన్నాడు, ఫోను సంచీ అడుగున బట్టల కింద ఉంది. ఇక్కడి రికార్డింగు ఉద్యోగం విరమించి నెల కాలేదు, అప్పుడే ఫోను అవసరం లేని మనిషైపోయాడు. ఆయన ఒక్కొక్క మాటే చెబుతుంటే అయిదు మాటలూ అరచేతిలో రాసుకుంది. సీలు వేసి దాచే చీటీ మీద తప్ప పాస్‌వర్డు ఏ కాగితం మీదా రాసి ఉంచకూడదన్నది ఆఫీసు నియమం, అరచేతి గురించి నియమమేమీ లేదు. ఆ చేతిలో పెళ్ళినాటి గోరింటాకు ఎరుపు ఇంకా పూర్తిగా వదల్లేదు, దాని మీద నల్ల సిరా ఎంత బాగుందో అనుకుని, ఛీ, ఇప్పుడా చూసుకునేది అని తనని తనే కసురుకుంది. సగం వచ్చేసింది. మిగతా సగం తనది. అది తన తలలోనే ఎక్కడో ఉంది. నాలుగులోపు బయటికి తియ్యాలి, అంతే, తీస్తుంది.

ఇది గొంతులు దాచే చోటు. గొంతు ఆపరేషనుకి వెళ్ళే ముందు మనుషులు ఇక్కడికి వచ్చి, పక్క గదిలో మైకు ముందు కూర్చుని, పదిహేను వందల వాక్యాలు చదివి వెళతారు. ఆపరేషను తరువాత మాట ఎలాగూ పోతుంది, కానీ కొన్నాళ్ళకి చేతిలో పట్టేంత మాటల పెట్టె ఒకటి ఇస్తారు, అందులో ఏది టైపు చేస్తే అది వాళ్ళ సొంత గొంతుతోనే పలుకుతుంది. ఆ గొంతు ఇంకొకళ్ళ చేతిలో పడితే దాంతో బ్యాంకుకి ఫోను చెయ్యొచ్చు, కొడుకుని మోసం చెయ్యొచ్చు, ఏమైనా చెయ్యొచ్చు. అందుకే డిస్కులన్నిటికీ తాళం. సర్వర్ లోపల డిస్కులన్నిటినీ అదుపులో పెట్టే చిన్న కార్డు ఒకటుంది, కంట్రోలర్ కార్డు. తాళం తీసేదీ వేసేదీ అదే. ఎవరైనా డిస్కు ఊడబెరుక్కుని పోయినా పాస్‌వర్డు లేకుండా అందులోంచి ఒక్క అక్షరం రాదు. ఆ కార్డంటే ఆమెకి మొదటి రోజు నుంచీ ఇష్టం. పని లేనప్పుడు ఊరుకోదు, డిస్కుల మీద తిరిగి తిరిగి ఎక్కడైనా చెడిందా అని తడిమి చూసుకుంటుంది. ఏ డిస్కు ఎక్కడుందో తెలియకపోతే అడిగితే చాలు, దాని దీపం మిణుకుమిణుకుమనిపించి చూపిస్తుంది. అవసరం ఉన్నా లేకున్నా రోజుకొకసారి అలా మిణుకుమనిపించి చూసుకునేది ఆమె. ఈ చోటు నడిపే డాక్టరుగారు ఒకసారి చూసి, "డిస్కులమ్మాయ్, దానికేమైనా జబ్బా, నీకా?" అన్నారు. అప్పటి నుంచీ ఆ పేరే ఖాయమైపోయింది.

పాస్‌వర్డు ఒక్కరికి తెలియకూడదని రెండు సగాలు చేశారు. ఒక సగం బాబాయిది, ఒక సగం ఆమెది. పుట్టినరోజులూ పిల్లల పేర్లూ పెడితే ఎవరైనా ఊహిస్తారని బాబాయే ఒక పద్ధతి పెట్టాడు: పాస్‌వర్డు మార్చే రోజున ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని, ఎదురుగా కనబడే అయిదు వస్తువుల పేర్లు ఎడమ నుంచి కుడికి వరసగా ఇంగ్లిషులో కొట్టాలి. ఏడాదికొకసారి మార్చాలి, మార్చగానే పాతదాని సీలు చీటీలు కత్తిరించే యంత్రంలో వేసెయ్యాలి. ఎంత చక్కని పద్ధతి, ఎంత పకడ్బందీగా ఉంది. దానికి తూట్లు పొడిచింది తనే. పెళ్ళి సెలవుకి ముందు రోజు, బయట అన్నయ్య బండి పెట్టుకుని హారను కొడుతుంటే, చెయ్యాల్సిన రెండు పనుల్లో వెనకది ముందు చేసింది. పాస్‌వర్డు మార్చి, ఆ తరువాత ఆపరేషన్లు అయిపోయినవాళ్ళ జంట డిస్కుల్ని బయటికి తీసి బీరువాలో పెట్టాలి. తను ముందు జంటని తీసి బీరువాలో పెట్టి, తరువాత తీరిగ్గా పాస్‌వర్డు మార్చింది. సర్వర్లో ఉన్నవన్నీ కొత్త తాళానికి మారాయి, బీరువాలోవి పాత తాళంతోనే ఉండిపోయాయి. పాత చీటీలు యంత్రంలో నూడుల్సు అయిపోయాయి. తను నవ్వుకుంటూ వెళ్ళి అన్నయ్య బండెక్కింది.

జంట అంటే రెండు డిస్కులు, ఒకదానిలో ఏది రాస్తే రెండోదానిలోనూ అదే. ఒకటి చచ్చినా రెండోది మొత్తం చెబుతుంది. ఇంత జాగ్రత్త చేసిన గొంతు ఇప్పుడు రెండు చోట్లా సమానంగా బందీ అయిపోయింది. అది టైలరమ్మ గొంతు. ఆ జంటలో మిగతా ఇద్దరికీ పెట్టెలు ఎప్పుడో ఇచ్చేశారు, ఇంకా అందాల్సింది ఆవిడకే. ఆపరేషనై రెండు నెలలు, మళ్ళీ చదివించుకుందామంటే చదవడానికి గొంతే లేదు. పొద్దున డిస్కుల్ని సర్వర్లో పెట్టగానే స్క్రీను మీద వేరే తాళం కింద ఉన్నాయని వచ్చింది, పక్కనే నిరుటి తాళం గుర్తు కూడా చూపించింది. ఆ గుర్తు చూడగానే ఆమెకి మొత్తం అర్థమైపోయింది. వెళ్ళి డాక్టరుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది. పక్క గదిలో బస్సు డ్రైవరు చదువుతున్నాడు, ఎల్లుండి అతని ఆపరేషను, సర్వర్లో ఖాళీ సాయంత్రం దాకా కూడా రాదు, కొత్త డిస్కులు రావడానికి వారం. తాళం తియ్యలేని డిస్కుల్ని మళ్ళీ వాడుకోవాలంటే ఒకటే దారి, పూర్తిగా చెరిపెయ్యడం. దానికి ఒక్క సెకను చాలు, లోపలి తాళాన్నే నాశనం చేసేస్తుంది, ఉన్నదంతా అర్థం లేని చెత్త అయిపోతుంది. ఉన్న గొంతుని కూడా పోగొట్టుకోలేం కదమ్మా అన్నారాయన. నాలుగింటి దాకా చూడు, నాలుగుకి చెరిపేద్దాం. పైగా ప్రయత్నాలు మూడే. మూడోదీ తప్పితే కంట్రోలర్ మొండికేస్తుంది, సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి, అక్కడ డ్రైవరు చదువుతుంటే ఆపేదెలా.

సరే, నిరుడు. నిరుడు ఈ రోజుల్లో తను ఏం చూసింది. గదిని మార్చేశారు, అదొకటి. బల్ల అప్పుడు కిటికీ వైపు ఉండేది. ఆమె లేచి కుర్చీని కిటికీ దగ్గరికి ఈడ్చుకెళ్ళి, అప్పటి చోటనే పెట్టి కూర్చుంది. కళ్ళు మూసుకుంటే గది వెనక్కి వెళ్ళినట్టుంది. ఎడమ పక్కన మూల. మూలలో తడి. తడి ఎందుకు, ఆ రోజు వాన, గొడుగు విప్పి ఆరబెట్టింది, నీలం గొడుగు, ఒక పుల్ల వంగింది. గొడుగు ఒకటి. దాని పక్కన గోడకి క్యాలెండరు, అది ఇప్పటికీ అక్కడే ఉంది, మేకు కూడా అదే, కాగితాలే మారాయి. క్యాలెండరు రెండు. కుడి చివర తలుపు, అది ఎక్కడికి పోతుంది, తలుపు అయిదు. మధ్యలో రెండు. మధ్యలో, ఎదురుగా, సరిగ్గా ముక్కుకి ఎదురుగా ఏముంది. నిచ్చెన. అబ్బ, నిచ్చెన ఉంది కదూ. ఆ రోజు ఏసీ నీళ్ళు కారుతోందని మెకానిక్కుని పిలిచారు, అతను నిచ్చెనెక్కి పైన ఏసీ మూత విప్పుతుంటే తను కింద కూర్చుని పాస్‌వర్డు కొట్టింది. అతనే. ఆ మెకానిక్కే. ఇప్పుడు రోజూ పొద్దున్నే టీ కలిపి, కప్పు దిండు పక్కన పెట్టి, లేవమనకుండా నిశ్శబ్దంగా ముక్కు దగ్గర చేత్తో ఆవిరి విసిరే మనిషి.

ఆ నవ్వు దానంతటదే వచ్చేసింది, ఆమె ఆపలేదు. పాస్‌వర్డు దొరక్క చచ్చిపోతుంటే మొగుడు గుర్తుకొచ్చి నవ్వొస్తోంది, ఇదేం మనిషి తను. కానీ గుర్తుకు రావాల్సిందే అతను, అందుకని ఫరవాలేదు, ఇది పనిలోకే వస్తుంది. అతను పైనుంచి, "మేడమ్, ఒక్క అయిదు నిమిషాలు కరెంటు ఆపేస్తా" అన్నాడు. మొదట విన్నది మనిషిని కాదు, గొంతుని, తల మీంచి దిగిన గొంతుని. తను ఒక్క ఉదుటున లేచి స్విచ్చుకి అడ్డంగా నిలబడింది. సర్వర్ నడుస్తోంది, ఆపడానికి వీల్లేదంది. పోయినా లోపలి కార్డుకి బ్యాటరీ ఉంటుందిగా, రాయాల్సింది పట్టుకుని ఉంచుతుంది, అన్నాడతను. ఆ మాట ఏసీ మెకానిక్కుకి ఎలా తెలుసని ఆమె నోరు తెరిచింది. సర్వర్ గదుల్లోనే పదేళ్ళుగా ఏసీలు బాగుచేస్తున్నాడట, అక్కడి వాళ్ళు పోట్లాడుకుంటుంటే విన్నాడట. ఆ బ్యాటరీ మూడేళ్ళది, దాని మీద నాకు నమ్మకం లేదు అంది తను. అయితే మీ మీద నాకుంది, ఆపను అన్నాడు. కరెంటు ఉండగానే, వేళ్ళు కాల్చుకుంటూ, ఎలాగో పని కానిచ్చాడు. ఆ తరువాత తను మళ్ళీ కూర్చుని మిగతా మాటలు కొట్టింది. గొడుగు, క్యాలెండరు, నిచ్చెన. నాలుగోది కొడుతూ నవ్వింది. అది గట్టిగా గుర్తుంది, స్క్రీను వైపు చూస్తూ పెదవి కొరుక్కుని నవ్వుకుంది. ఏం చూసి. నాలుగోది ఏది. నిచ్చెనకి కుడి పక్కన ఏముంది నవ్వాల్సినంత.

స్క్రూడ్రైవరు. నిచ్చెన మెట్టుకి వేలాడదీశాడు, తాడు కట్టి, బడిపిల్లల నీళ్ళ సీసాలా. అదై ఉంటుంది, అది నవ్వొచ్చేదే. గడియారం మూడూ ఇరవై. బాబాయి సగం అరచేతిలో చూసుకుంటూ కొట్టి, తన సగం కలిపి, మీట నొక్కింది. తప్పు. స్క్రీను ఆ మాట ఎంత మామూలుగా చెప్పింది. ఇంకా రెండు. పక్క గది గోడ మందం, అయినా డ్రైవరు గొంతు గొణుగులా వస్తోంది, దిగేవాళ్ళు ముందుకు రండి అన్నట్టుగానే ఉంది అతను ఏ వాక్యం చదివినా. టైలరమ్మ అలా కాదు. టైలరమ్మ చదివే రోజుల్లో డిస్కులమ్మాయి కాపలా కూర్చునేది, బాబాయి అద్దం అవతల. ఆవిడ ప్రతి వాక్యాన్నీ కొలతలు చెబుతున్నట్టు చదివేది, తెగ్గొట్టి, ఖచ్చితంగా. నడుమ నడుమ ఆగి ఆమె జాకెట్టు చేతుల వంక చూసి, ఎవరమ్మా కుట్టింది, చంక దగ్గర గుడ్డ దొంగిలించాడు అనేది. ఆపరేషనుకి ముందు రోజు ఆఖరి వాక్యం చదివేసి, లేవకుండా కాసేపు అలాగే కూర్చుంది. భయమా అని తను అడిగితే, భయం కాదు, మా కోడలు ఇన్నాళ్ళూ నన్ను నోరు మూసుకోమంటోంది, దాని మాటే నెగ్గుతోందని బాధ అంది. కోడలు బయటి బెంచీ మీద కూర్చుని ఏడుస్తోంది అప్పుడు. ఆ గొంతుని చెరిపే మీట నొక్కాల్సింది తనే, ఇంకెవరికీ చేతకాదు. లేదు. నొక్కే పని రాకూడదు. రానివ్వదు.

నిచ్చెన మెట్ల మీద ఏముంటాయి. పాదాలు. అతను గది బయటే బూట్లు విప్పాడు, సర్వర్ గదిలోకి దుమ్ము రాకూడదని తలుపు మీద రాసి ఉంది కదా, చదివి విప్పాడు, చదివే మెకానిక్కు. అంటే మెట్టు మీద ఉన్నవి సాక్సులు. ముక్కుకి ఎదురుగా సాక్సులు. అది నవ్వొచ్చేదే, స్క్రూడ్రైవరు కంటే చాలా నవ్వొచ్చేది. ఆమె గబగబా కొట్టేసింది, ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది, కానీ చేతికి అంత తొందర. తప్పు. ఇంకొక్కటి. మూడూ నలభై ఎనిమిది. ఒళ్ళంతా చెమట, ఏసీ ఆన్‌లోనే ఉంది, పాపం అతను బాగుచేసిన ఏసీ, ఏడాదైనా ఒక్క చుక్క కారలేదు. ఇక ఊహలు చాలు. ఆ రోజు ఈ గదిలో ఇద్దరున్నారు. తను మరిచిపోతే రెండోవాళ్ళని అడగాలి, అంతే కదా. ఫోను తీసింది.

అతను ఏదో మేడ మీద ఉన్నాడు, గాలి హోరు వినబడుతోంది. పనిలో ఉండగా చెయ్యదు ఆమె, అందుకని ఏమైందని కంగారు పడ్డాడు. ఏం కాలేదు, నిరుడు మొదటిసారి మా ఆఫీసుకొచ్చావే, నువ్వు నిచ్చెన మీద ఉండగా నేను కింద కూర్చుని నవ్వాను, గుర్తుందా అంది. అవతల ఏదో పనిముట్టు కింద పెట్టిన చప్పుడు.

"ఉన్నావా?"

"ఉన్నా."

"నేనేం చూసి నవ్వానో చెప్పు. నిజం చెప్పు, ఇక్కడ ఒకావిడ గొంతు పోతుంది."

"ఇప్పుడెందుకది? పోనీలే, ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

"ఇప్పుడే. పది నిమిషాలే ఉంది."

పక్కన ఎవరో ఉన్నట్టున్నారు, కాస్త దూరం నడిచిన చప్పుడు.

"నా బొటనవేలు" అన్నాడు మెల్లిగా. "సాక్సు చిరిగి బయటికొచ్చేసింది. సరిగ్గా నీ మొహం ముందుంది. నువ్వు చూసి నవ్వావు, నేను వేలు లోపలికి ముడుచుకున్నా. ముడుచుకుంటే నిచ్చెన ఊగింది. పరువంతా పోయిందనుకున్నా."

అందుకా. అందుకా ఇంట్లో సొరుగు నిండా కొత్త సాక్సులు, పెళ్ళికి తెచ్చుకున్న పెట్టెలో చొక్కాల కన్నా సాక్సులే ఎక్కువ, ఈ మనిషికి ఇదేం పిచ్చని ఆమె వారం రోజులు ఆశ్చర్యపోయింది. ఏడాదిగా కడుపులో పెట్టుకున్నాడు, తాళి కట్టేటప్పుడు కూడా చెప్పలేదు. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి ఒకటే పొంగుగా వచ్చింది. దాని వెనకే ఆ రోజు మొత్తం తెర తీసినట్టు కనబడింది: బూడిద రంగు సాక్సు, దానిలోంచి గుండ్రంగా, శుభ్రంగా, గోరు చక్కగా కత్తిరించుకున్న వేలు, బిడియంగా లోపలికి పోవడానికి చూస్తున్న వేలు. వస్తువు కాదు కదా అని అప్పుడు అనుకున్నట్టు కూడా గుర్తొచ్చింది. కనబడేదేదైనా సరే అన్నాడుగా బాబాయి అని సమర్థించుకుని, కొట్టి, నవ్వుకుంది. "నీ వేలు బంగారం కానూ" అని ఫోను పెట్టేసింది.

పెట్టి తిరిగేసరికి గుమ్మంలో డాక్టరుగారు. చేతిలో డ్రైవరు ఫైలుంది. నాలుగుకి ఎనిమిది నిమిషాలు. చెరిపేది ఎక్కడ నుంచి చెయ్యాలి, నేను కూడా పక్కనుంటాను, నువ్వొక్కదానివే నొక్కక్కర్లేదు అన్నారు. అంత మంచిగా ఆయన అనకుండా ఉంటే బాగుండుననిపించింది. ఒక్క ప్రయత్నం మిగిలింది, అది చేసి చెబుతానండీ అంది. తప్పితే, అన్నారాయన. తప్పితే నేనే చెరుపుతాను, నేనే వెళ్ళి టైలరమ్మగారికి చెబుతాను, మీరు రావద్దు, అందామె. బాబాయి చెప్పిన అయిదు మాటలూ కొట్టింది, ఒక్కొక్కటీ అరచేతిలో సరిచూసుకుని. గొడుగు. క్యాలెండరు. నిచ్చెన. వేలు. తలుపు. ఈసారి తొందరపడలేదు, మొదటి నుంచీ మళ్ళీ ఓసారి లెక్కపెట్టుకుంది. మీట నొక్కింది.

స్క్రీను చాలాసేపు ఏమీ అనలేదు. నిజానికి మూడు సెకన్లే అయి ఉంటాయి. తరువాత తాళం తెరుచుకుందనీ, ఈ జంటని లోపలికి తీసుకోవాలా అనీ అడిగింది. పక్కనే కొత్తగా సిద్ధం చెయ్యాలా అని ఇంకో మాట కూడా చూపించింది, దాన్ని నొక్కితే అంతా పోతుంది. ఆమె వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుని తీసుకోమంది. ర్యాకులో కిందివరసలో రెండు దీపాలు, ఒకదాని తరువాత ఒకటి, పచ్చగా వెలిగాయి. రెండు డిస్కుల్లో ఉన్నది ఒకటేనా అని పోల్చి చూడమని కంట్రోలర్‌కి చెప్పింది, అది గంటల తరబడి చూస్తుంది, చూడనీ. జంటలో మూడో వంతు కూడా నిండలేదు, మిగతా చోటు డ్రైవరుగారికి సరిపోతుందండీ అంది డాక్టరుగారితో. ఆయన ఫైలు చంకలో పెట్టుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నారు, ఊరికే, వెళ్ళకుండా. మీ పద్ధతి మార్చాలమ్మా అన్నారు. పని వరస కాగితం మీద రాసి తలుపుకి అంటిస్తాను, పాస్‌వర్డు రాయకూడదు కానీ వరస రాయొచ్చుగా, ఏది ముందో ఏది తరువాతో, అందామె.

ఫైళ్ళలో ఒకదాన్ని, ఏదో నడిమిదాన్ని, తెరిచింది. స్పీకరులోంచి టైలరమ్మ వచ్చింది, పక్కనే కూర్చున్నట్టు. వానాకాలంలో కిటికీలు మూసి ఉంచవలెను అని తెగ్గొట్టి చదివి, ఊపిరి తీసుకుని, ఈ వాక్యాలు రాసినవాడెవడమ్మా, ఇలా ఏ ఇంట్లోనైనా మాట్లాడతారా అంది. డాక్టరుగారు పెద్దగా నవ్వేశారు. ఆమె నవ్వలేదు, కళ్ళు తుడుచుకుని, ఫైళ్ళన్నీ పేరు పేరునా లెక్క చూసింది, పదిహేను వందలూ ఉన్నాయి. చూశాకే ఫోను చేసింది.

కోడలు ఎత్తింది. వెనక కుట్టుమిషను చప్పుడు ఆగింది. పెట్టె సంగతేనా, అత్తయ్య పక్కనే ఉన్నారు, స్పీకరులో పెడతాను, ఆవిడ వింటారు చెప్పండి అంది.

"రేపు పదింటికి అత్తయ్యగారిని తీసుకురండి" అంది ఆమె. "ముందు నేనో తప్పు చేశాను, అది ఆవిడకి చెప్పుకోవాలి. అది విన్నాక ఆవిడ నన్ను తిట్టాలి కదా, పెట్టె సిద్ధంగా పెడతాను. తన గొంతుతోనే తిడతారు."